కబడ్డీ ఆడతాను, నేను గే అని జట్టుకు చెప్పాలా? ఒక పాత కోచ్ సమాధానం

బాబూ,

నీ ప్రశ్న రాత్రి రెండుసార్లు చదివాను. ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మైదానంలో రెండూ కలిసిన మాట. 21 ఏళ్లు, ఎడమ కార్నర్, అంటే ఎడమ అంచున నిలబడి కూతకొచ్చిన రైడర్‌ను పట్టేవాడివి. రాష్ట్ర శిబిరం దాకా వెళ్లావు, ఇప్పుడు ఒక ప్రొఫెషనల్ లీగ్ జట్టు ఎంపికలకు పిలిచింది. పద్నాలుగేళ్ల వయసు నుంచీ నీ మనసు మగవాళ్ల వైపే వెళుతోందని నీకు తెలుసు. విదేశీ ఆటగాళ్లు బాహాటంగా చెప్పుకుంటున్నారు, నేనూ చెప్పాలా, చెబితే ఆట మిగులుతుందా, అమ్మకు ఏ మాటతో చెప్పాలి అని అడిగావు.

నేను బరంపురంలో 27 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. సాయంత్రాలు కబడ్డీ నేర్పాను. నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లల్లో రైల్వేలోనూ పోలీసుశాఖలోనూ ఆట కోటా మీద చేరినవాళ్లున్నారు. నీలాంటి పిల్లలు ఇద్దరు నాకు తెలుసు. మొదటివాడి విషయంలో నేను తప్పు చేశాను. రెండోవాడి దగ్గర కొంత నేర్చుకున్నాను. ఈ జవాబు రాసే అర్హత నాకుంటే అది ఆ ఇద్దరి వల్లనే. రెండోవాడు అనుమతి ఇచ్చాడు కాబట్టి అతని సంగతి రాస్తున్నాను. పేర్లు, ఊర్లు ఎవరివీ చెప్పను.

నా మాట ముందే చెప్పేస్తాను. చెప్పడం నీ హక్కు, నువ్వు ఎవరికీ పడ్డ బాకీ కాదు. జట్టుకు, లీగుకు, సమాజానికి నువ్వు ఏ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కానీ ఆ కబురు ఎప్పుడు బయటికి వచ్చినా నీ నోటినుంచే రావాలి. ఇంకొకరి చేతిలో పడితే దానికి వాళ్లు ధర కడతారు. కింద రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదటివాడి సంగతి. మంచి కార్నర్, నీలాగే ఎడమవైపు. రైడర్ మడమ అందుకుంటే వదిలేవాడు కాదు. కబడ్డీలో కార్నర్, పక్కనున్న డిఫెండర్ చెయ్యి పట్టుకుని నిలబడతారని నీకు చెప్పనక్కర్లేదు. రైడర్ లోపలికి వస్తుంటే ఇద్దరూ ఒకే శరీరంలా కదలాలి. ఆ పట్టు సడలితే మధ్యలో సందు పడుతుంది, రైడర్ ఆ సందులోంచే బయటపడతాడు. ఒక జిల్లా శిబిరంలో ఎవడో ఈ అబ్బాయి ఫోను తీసి చూశాడు. రాత్రికి రాత్రే గుసగుస శిబిరమంతా పాకింది. మర్నాడు పొద్దున్నే మైదానంలో నేను చూసింది ఇది: రోజూ వాడి చెయ్యి పట్టుకునే కుర్రాడు ఆ రోజు పట్టుకోలేదు. పక్కన నిలబడ్డాడు, చెయ్యి మాత్రం తన నిక్కరుకు తుడుచుకుంటూ ఉన్నాడు. నాకు మొత్తం అర్థమైంది. అప్పుడు నేను చెయ్యి పట్టుకోని కుర్రాణ్ని పిలిచి మందలించాలి. ఆ పని చేయకుండా, గొడవ ముదరకూడదనుకుని ఎడమ కార్నర్‌ను బెంచి మీద కూర్చోబెట్టాను. మోకాలు విశ్రాంతికి అని చెప్పాను. వాడు నా ముఖం వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్లి కూర్చున్నాడు. నాలుగు నెలల్లో ఆట మానేశాడు. సూరత్ మిల్లుల్లో పనికి వెళ్లాడని విన్నాను. మా గంజాం జిల్లా పిల్లలు చాలామంది పొట్ట చేతపట్టుకుని వెళ్లేది అక్కడికే కదా. నా దగ్గరికి మళ్లీ రాలేదు.

ఈ తప్పులో ఇంకో తప్పు కలిసి ఉంది. నేను ఏళ్ల తరబడి పిల్లలను మైదానంలో 'చేతులకు గాజులు తొడుక్కున్నావా' అని తిట్టాను. పట్టు వదిలినవాడిని 'ఆడంగి' అన్నాను. నా కోచ్ నన్ను అలాగే తిట్టాడు, నేను అదే అందుకున్నాను. నా పెద్దమ్మాయి కాలేజీ జట్టులో ఖోఖో ఆడేది. ఒకరోజు మైదానం దగ్గరికి వచ్చి ఆ మాట విని, 'నాన్నా, నా చేతులకు గాజులున్నాయి, నేనేమైనా తక్కువా' అని అడిగింది. ఆ రోజుతో ఆ తిట్టు మానేశాను. ఆ మాటలు వినిపించే చోట ఏ పిల్లవాడు నోరు విప్పుతాడు? కోచ్‌లు ఈ సమాధానం చదువుతుంటే ఒక్క పని చేయండి, ఆ తిట్లు రేపటినుంచి ఆపండి.

ఇప్పుడు నువ్వు చెప్పిన విదేశీ ఆటగాళ్ల సంగతికి వస్తాను. వాళ్ల ఫొటోలు, చప్పట్లు నీకు ఫోనులో కనబడతాయి. కబురు ఎవరి చేతిలో ఉందన్నది చూడు, అప్పుడు ఆ కథలు వేరుగా కనబడతాయి.

బిల్లీ జీన్ కింగ్ టెన్నిస్‌లో ఎంత పెద్ద పేరో నీకు తెలుసు. 1981లో పాత ప్రియురాలు ఒకామె కోర్టులో వ్యాజ్యం వేయడంతో ఆమె జీవితం బజారున పడింది. ఒక్క రోజు గడిచేసరికి వాణిజ్య ఒప్పందాలన్నీ పోయాయని తరువాత ఆమే చెప్పింది. అదే ఏడాది టెన్నిస్‌లోనే ఇంకో పెద్ద పేరు, మార్టినా నవ్రతిలోవా విషయం న్యూయార్క్ పత్రిక ఒకటి ఆమెకు ఇష్టం లేకపోయినా అచ్చువేసింది. అమెరికా పౌరసత్వం అప్పుడే వచ్చింది, ఆ సంగతి స్థిమితపడేదాకా ఆగమని ఆమె కోరింది. వాళ్లు ఆగలేదు.

ఇంగ్లండులో జస్టిన్ ఫషాను అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. 1981లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు పది లక్షల పౌండ్లు పెట్టి కొన్నది. నల్లజాతి ఆటగాడికి ఆ ధర పలకడం అదే మొదటిసారి. అతను గే క్లబ్బులకు వెళుతున్నాడని తెలిసి మేనేజరు బ్రయన్ క్లఫ్ శిక్షణ మైదానంలోకే రానివ్వలేదు. 1990 అక్టోబరులో ఒక టాబ్లాయిడ్ పత్రిక ద్వారా విషయం బయటపెట్టుకున్నాడు. సొంత తమ్ముడు, అతనూ ఫుట్‌బాల్ ఆటగాడే, పత్రికలకెక్కి కాదనుకున్నాడు. 1998లో, 37 ఏళ్ల వయసులో ఫషాను ప్రాణం తీసుకున్నాడు. 1990లో అతను ఆ మాట చెప్పాక, బ్రిటన్ మగ ఫుట్‌బాల్‌లో, ఆడుతూ ఉండగా ఆ మాట చెప్పడానికి ఇంకొకరు ముందుకొచ్చేసరికి దాదాపు 32 ఏళ్లు పట్టింది.

ఆ వచ్చినవాడు జేక్ డేనియల్స్, 2022 మే, బ్లాక్‌పూల్ క్లబ్బు. వయసు 17. నీకంటే చిన్నవాడు. వాడి కథ జాగ్రత్తగా చూడు. ముందు అమ్మకు, సోదరికి చెప్పాడు. మర్నాడు యువజట్టు మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. తరువాత క్లబ్బుకు, సహచరులకు తెలిపాడు. వాళ్లందరూ పక్కన నిలబడ్డాకే టీవీ ముందుకు వచ్చాడు. అప్పటికే ప్రొఫెషనల్ ఒప్పందం సంతకమై ఉంది. మనం ఫోనులో చూసింది చివరి మెట్టు మాత్రమే. కింద ఉన్న మెట్లన్నీ ఇంట్లో, డ్రెస్సింగ్ రూములో, ఎవరికీ కనబడకుండా కట్టుకున్నవి.

వేల్స్ రగ్బీ కెప్టెన్ గారెత్ థామస్ కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో ఒక కోచ్ ఉన్నాడు. 2006లో ఒక మ్యాచ్ తరువాత దుఃఖం ఆపుకోలేక కోచ్ స్కాట్ జాన్సన్‌కు చెప్పేశాడు. నువ్వు ఒంటరిగా మోయలేవు, జట్టులో ఇద్దరికైనా తెలియాలి అని జాన్సన్ అన్నాడు. స్టీఫెన్ జోన్స్, మార్టిన్ విలియమ్స్ అనే ఇద్దరు సహచరులకు జాన్సనే చెప్పాడు. థామస్ భయపడుతూ వాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, వాళ్లు వచ్చి ముందే ఎందుకు చెప్పలేదన్న ధోరణిలోనే మాట్లాడారు. లోకానికి తెలిసింది 2009 డిసెంబరులో. ఆ మూడేళ్లూ జట్టు ఆ కబురు కాపాడింది. ఇంగ్లండు వికెట్‌కీపర్ స్టీవెన్ డేవిస్ విషయంలోనూ అంతే. 2011 ఫిబ్రవరిలో పత్రికలకు చెప్పేసరికి సహచరులకు ఎప్పుడో తెలుసు.

అయితే జట్టు మంచిదైతే చాలు అనుకోకు. మైకేల్ సామ్ అని కాలేజీ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడు. 2013 ఆగస్టులో తన విశ్వవిద్యాలయ జట్టు మొత్తానికి చెప్పాడు. అంతమందిలో ఒక్కరూ బయట నోరు జారలేదు. ఆ సీజనులో ఆ జట్టు రెండు మ్యాచ్‌లు మాత్రమే ఓడింది, సామ్ తన కాన్ఫరెన్స్‌లో, అంటే కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడే లీగులో, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి గౌరవం పంచుకున్నాడు. 2014 ఫిబ్రవరిలో, ప్రొఫెషనల్ జట్ల ఎంపికకు ముందే, లోకానికి చెప్పాడు. ఎంపికలో చివరి రౌండు దాకా ఎవరూ పిలవలేదు. 249వ వాడిగా ఒక జట్టు తీసుకుంది. ఆగస్టులో వదిలేసింది. ఆ లీగులో ఒక్క అసలు మ్యాచ్ కూడా అతను ఆడలేదు. కారణం ఆటా, ఆ మాటా అని అక్కడివాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను చూసేది వరస మాత్రమే: ఒప్పందం లేకముందే చెప్పాడు.

బాస్కెట్‌బాల్‌లో జేసన్ కాలిన్స్ 2013 ఏప్రిల్ చివర చెప్పాడు. 12 సీజన్లు ఆడిన మనిషి, 34 ఏళ్లు, తరువాతి సీజనుకు చేతిలో ఒప్పందం లేదు. తిరిగి జట్టు దొరకడానికి పది నెలలు పట్టింది. దొరికాక 98 నంబరు జెర్సీ వేసుకుని ఆడాడు. 1998లో గే అన్న కారణంగా కొట్టి చంపబడిన మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థి జ్ఞాపకం అది. ఆ జెర్సీని అభిమానులు ఎగబడి కొన్నారు. పన్నెండు సీజన్లు ఆడినవాడు పది నెలల ఖాళీని తట్టుకోగలడు. ఇంటి నుంచి బస్సు టికెట్టుకు డబ్బు అడిగి వచ్చే కుర్రాడికి అది సాధ్యం కాదు.

కాబట్టి నీ సంగతిలో నా లెక్క ఇది. ఎంపికలు అయ్యేదాకా, ఒప్పందం మీద సంతకం పడేదాకా, జట్టు యాజమాన్యానికి చెప్పకు. ఇందులో మోసం లేదు. ఆడపిల్లను ప్రేమించే నీ సహచరుడు ఎంపిక పరీక్షలో ఆ సంగతి చెబుతున్నాడా? నీ మడమ పట్టు, నీ వేగం, నీ ఊపిరి, వాళ్లకు కావలసింది అవే. ఈ ఆటలో నిన్ను ఇంకా హాస్టలు పోషిస్తోంది. మంచం వాళ్లది, భోజనం వాళ్లది, రేపు ఆట కోటా ఉద్యోగానికి కావలసిన సర్టిఫికెట్ల మీద సంతకం వాళ్లది. ఒకరి దయ మీద నీ కడుపు ఆధారపడి ఉన్నంతకాలం తొందరపడకు. నీ జీతం నీ ఖాతాలో పడటం మొదలయ్యాక అప్పుడు ఆలోచించు. ఇది పిరికితనం అని నీకెవరైనా చెబితే, వాళ్లు నీ మంచం, నీ భోజనం చూసుకునేవాళ్లు కాదని గుర్తుపెట్టుకో.

మన వైపు ముందు నడిచినవాళ్లు ఎవరూ కనబడటం లేదని రాశావు. పరుగు పందేల దుతీ చంద్ ఉంది. మన ఒడిశా పిల్ల. జాజ్‌పూర్ జిల్లా చకా గోపాల్‌పూర్, చేనేత ఇల్లు. మగ్గం చప్పుడు మధ్య పుట్టిన మా బరంపురం తెలుగు దేవాంగుల ఇళ్లు ఎలా ఉంటాయో ఆ ఇల్లూ అలాంటిదే. శిక్షణ హైదరాబాదులో, మన కోచ్ నాగపురి రమేశ్ దగ్గర, గోపీచంద్ అకాడమీ అండతో. అంటే తెలుగువాళ్ల చేయి కూడా ఆ పరుగు వెనుక ఉంది. 2014లో ఆమె ఒంట్లో సహజంగా ఉన్న హార్మోను ఎక్కువని పోటీలనుంచి తప్పించారు. ఆమె స్విట్జర్లాండులోని క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి 2015లో ఆ నిబంధనను నిలిపివేయించింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు. 2019 మేలో, తమ ఊరి అమ్మాయిని ప్రేమిస్తున్నానని బహిరంగంగా చెప్పింది.

ఎందుకు చెప్పింది? బయటపెడతామంటూ ఇంట్లోంచే బెదిరింపులు వచ్చాయని, అందుకే తానే చెప్పేశానని ఆమె అప్పట్లో వివరించింది. అంటే కబురు వేరేవాళ్ల చేతిలోంచి లాక్కుని తన చేతిలోకి తీసుకుంది. ఊళ్లో మాటలు పడింది, కన్నవాళ్ల ముఖం కూడా ముడుచుకుంది. రెండు నెలలకు ఇటలీలోని నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం తెచ్చింది. 2021లో 11.17తో జాతీయ రికార్డు. 2023లో డోపింగ్ కింద నాలుగేళ్ల నిషేధం పడింది. ఆ తప్పుకు ఆ శిక్ష. కానీ 'అలాంటివాళ్లు అంతే' అని రెండింటినీ ముడివేసి మాట్లాడినవాళ్లను నేను మా టీ కొట్టు దగ్గర స్వయంగా చూశాను. మగవాణ్ని ప్రేమించే మగవాడో, ఆడదాన్ని ప్రేమించే ఆడదో తప్పు చేస్తే ఆ తప్పు వాళ్ల ప్రేమకు అంటగట్టడం మన ఊర్లలో వాడుక. అది నీకూ ఎదురవుతుంది, ఒక మ్యాచ్ సరిగా ఆడకపోయినా ఎదురవుతుంది. ముందే తెలిసి ఉంటే తక్కువ నొప్పి.

ఇంకో సంగతి గమనించు. టోక్యో ఒలింపిక్స్‌లో తమ సంగతి దాచుకోని ఆటగాళ్లు 180 మందికి పైగా ఉన్నారని లెక్క. వాళ్లలో ఎక్కువమంది మహిళలే. మగవాళ్ల ఆటల్లో, అందులోనూ ఒంటికి ఒళ్లు తగిలే ఆటల్లో, మగతనం అనే మాటకు అతిగా విలువ కడతారు. మన కబడ్డీ అచ్చంగా అలాంటి ఆట. అందుకే నీ భయం నీ బలహీనత కాదు, మైదానం గురించి నీకున్న తెలివి.

మరి ఎవరికి ముందు చెప్పాలి? రెండోవాడి సంగతి చెబుతాను. వాడు రైడర్. ఒక సాయంత్రం మా బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ సముద్రతీరం ఇసుకలో పరుగులు పెట్టిస్తున్నాను. అందరూ నీళ్ల దగ్గరికి వెళ్లాక వాడొక్కడూ నా దగ్గర నిలబడి, 'మాస్టారూ, నేను పెళ్లి చేసుకోలేను' అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. పాదంతో ఇసుక తవ్వుతూ ఉన్నాడు. మొదటివాడి ముఖం నాకు అప్పుడు కళ్లముందు కదిలింది. 'ఎవరైనా అబ్బాయి ఉన్నాడా' అని అడిగాను. తల ఊపాడు. 'మంచివాడేనా' అని అడిగాను. అప్పుడు ఏడ్చాడు. అంతే జరిగింది. ఆ మర్నాడు నేను జట్టులో ఎవరికీ ఏమీ చెప్పలేదు, వాడి స్థానం మార్చలేదు, వాడితో నా గొంతు కూడా మార్చలేదు. ఆ గొంతు మార్చకపోవడమే తనకు పెద్ద మేలు చేసిందని తరువాత ఎప్పుడో చెప్పాడు.

నువ్వు కూడా ఒక్కరితో మొదలుపెట్టు. ఆ ఒక్కరిని ఎంచుకోవడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది: నీకు తెలిసిన ఇంకొకరి రహస్యం ఏదైనా ఆ మనిషి నీకెప్పుడైనా చెప్పాడా? చెప్పి ఉంటే నీదీ చెబుతాడు. ఎవరి గుట్టూ నీ దగ్గర విప్పనివాడు నీ మనిషి. వాడు జట్టులో ఉండనక్కర్లేదు. అత్తయ్య కావచ్చు, చిన్నప్పటి స్నేహితుడు కావచ్చు. బాస్కెట్‌బాల్ కాలిన్స్ తన బంధువు ఒకామెకు చెబితే నాకు ఎప్పుడో తెలుసు అన్నదట. జట్టులో చెప్పే రోజు వస్తే ముందు నీ చెయ్యి పట్టుకుని నిలబడే కుర్రాడికి చెప్పు, తరువాత కెప్టెన్‌కు. ఆ ఇద్దరూ నిలబడితే మిగిలినవాళ్లు చూసి నేర్చుకుంటారు.

ఫోను జాగ్రత్త. ఇది చిన్న విషయంగా కనబడుతుంది కానీ నేను చూసిన కష్టాలు ఎక్కువ ఫోనులోంచే వచ్చాయి. శిబిరంలో ఒకరి ఫోను పదిమంది చేతులు మారుతుంది. నీ దానికి తాళం వేసుకో, సందేశాలు ముందుతెర మీద కనబడకుండా పెట్టుకో. పరిచయాల యాప్‌లలో ముఖం చూపించకు. రమ్మని పిలిచి, చుట్టుముట్టి, ఇంట్లో చెబుతామని డబ్బు గుంజే ముఠాలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. మొదటిసారి కొత్తవాళ్లను కలిసేది పగలు, నలుగురూ తిరిగే చోట. ఎవరైనా బెదిరిస్తే ఒక్క రూపాయి ఇవ్వకు. ఒకసారి ఇస్తే నెలనెలా అడుగుతారు. సందేశాలన్నీ దాచు. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. నేరం వాళ్లది.

నీది నేరం కాదని కూడా గట్టిగా తెలుసుకో, ఎందుకంటే నువ్వు రాసిన తీరు చూస్తే ఇంకా సందేహం ఉన్నట్టుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో, వయసొచ్చిన ఇద్దరి ఇష్టపూర్వక బంధం 377వ సెక్షన్ కింద నేరం కాదని తీర్పు ఇచ్చింది. అంతకు ముందు ఏడాదే, గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన తీర్పులో, ఈ విషయం కూడా మనిషి ఆంతరంగిక జీవితంలో భాగమేనని కోర్టు అన్నది. నిజం పూర్తిగా చెప్పాలి కదా: 2023 అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. ఇక జబ్బు అనే మాట. మన దేశ మానసిక వైద్యుల సంఘమే ఇది జబ్బు కాదని 2018లో ప్రకటించింది. నిన్ను 'మారుస్తాం' అని చికిత్స చేయబోయే డాక్టరు చేసేది వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఇంట్లోవాళ్లు ఆస్పత్రికో, స్వామీజీ దగ్గరికో, దయ్యం వదిలించేవాడి దగ్గరికో తీసుకెళతామంటే ఈ మాటలు నీకు అక్కరకొస్తాయి. నిద్ర పట్టని రాత్రి, ఇక బతకను అనిపించిన రాత్రి 14416కు ఫోను చెయ్యి. ప్రభుత్వ సేవ, డబ్బు అక్కర్లేదు, మన భాషలో మాట్లాడతారు. ఆ రాత్రి వస్తే వెంటనే చెయ్యి, తెల్లారేదాకా ఆగకు.

ఇక పెళ్లి. మేనమామ కూతురి మాట ఇంట్లో నడుస్తోందని రాశావు. ఇక్కడ నేను నీతో మెత్తగా మాట్లాడను. మిగతా అన్ని విషయాల్లో తొందరపడకు అన్నాను. ఇందులో మాత్రం ఆలస్యం చేయకు. మన తెలుగు ఇళ్లలో మేనరికం అనేది పుట్టుకతోనే మాట ఇచ్చినట్టు సాగుతుంది. నువ్వు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ పిల్ల నిన్ను బావా అని పిలుస్తూ పెరిగింది. ఆమెకు అబద్ధం మీద కాపురం పెట్టకు. కారణం చెప్పనక్కర్లేదు, చెప్పలేకపోతే చెప్పకు. 'ఆట ఉన్నంతకాలం పెళ్లి మాట ఎత్తొద్దు, ఆ పిల్లను నాకోసం ఆపొద్దు, వేరే సంబంధం చూడండి' అని మామయ్యతో నువ్వే అను. ఆ మాట చెప్పడానికి గే అని చెప్పుకోవాల్సిన అవసరం లేదు.

చివరిది, అమ్మకు ఏ మాటతో చెప్పాలని. నాకూ చాలాకాలం ఈ ఇబ్బంది ఉంది. మన పత్రికలు 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. ఆ మాట వింటే మనిషి కనబడడు, మంచం ఒక్కటే కనబడుతుంది. అమ్మ ముందు ఆ మాట నోట రాదు. ఒడియాలో 'సమకామి' అంటారు, అదీ అమ్మకు అర్థమయ్యే మాట కాదు. గే అంటే ఫోనులో పిల్లలు వాడే మాట. ఊళ్లో ఉన్నవి తిట్లే. కొందరు హిజ్రాలతో కలిపేస్తారు, అది వేరే జీవితం, వాళ్లకు దక్కాల్సిన మర్యాద వాళ్లకు దక్కాలి, కానీ నీ సంగతి అది కాదని అమ్మకు చెప్పాల్సి వస్తుంది. నా రైడర్ ఏ పేరూ వాడలేదు. అమ్మ వంటింట్లో గుమ్మడికాయ కోస్తుంటే పక్కన కూర్చుని, 'అమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు కలగదు. చిన్నప్పటినుంచీ అంతే. నాన్నను చూస్తే నీకు ఎలా అనిపించేదో నాకు ఒక అబ్బాయిని చూస్తే అలా అనిపిస్తుంది. నేను ఎవరికీ చెడు చేయలేదు' అన్నాడు. అంతకుముందు మూడు వారాలు ఆ నాలుగు వాక్యాలే నా దగ్గర మళ్లీ మళ్లీ చెప్పి చూసుకున్నాడు, రైడు ముందు కూత సాధన చేసినట్టు.

నాన్న ఊరెళ్లిన రోజు, చేతిలో తన జీతం ఉన్న నెల, రాత్రి పడుకోవడానికి స్నేహితుడి గది మాట్లాడుకుని మరీ వెళ్లాడు. ఆ గది అవసరం పడలేదు. కానీ అది ఉందన్న ధైర్యంతోనే చెప్పగలిగాడు. నువ్వూ గది మాట్లాడుకో.

అమ్మ కత్తిపీట పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదట. తరువాత అడిగిన మొదటి ప్రశ్న ఇది: 'మరి రేపు నీకు జ్వరమొస్తే నిన్ను ఎవరు చూస్తారు?' వాడి దగ్గర జవాబు లేదు. అందుకు సిద్ధపడలేదు, లోకం ఏమంటుందని అడుగుతుందనుకున్నాడు. ఇది అయిదేళ్ల కిందటి మాట. నాన్నకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అమ్మ మాత్రం ఆ ప్రశ్న మానలేదు. పోయిన శీతాకాలం వాడికి డెంగ్యూ వచ్చి ఆస్పత్రిలో ఉంటే, ఆ అబ్బాయి తొమ్మిది రోజులు మంచం పక్కన కూర్చున్నాడు. పదో రోజు అమ్మ జావ పట్టుకుని వెళ్లింది. రెండు గిన్నెల్లో పట్టుకెళ్లింది.